ఎమ్మెల్యే చేతిలో ఉండేది లెటర్‌ప్యాడ్ ఒక్కటే

"డిగ్రీ పూర్తయింది, మా బాబాయి రెండుసార్లు సర్పంచ్‌గా చేశారు, నాకు ఎమ్మెల్యే కావాలని ఉంది. అసలు ఎమ్మెల్యే పని ఏమిటి? ఒకసారి గెలిస్తే జీవితం స్థిరపడినట్టేనా?" అని మీరు అడిగారు. నేను ఎన్నడూ పోటీ చేసినవాణ్ని కాదు. శాసనసభ సచివాలయంలో ప్రశ్నల విభాగంలో కొన్నేళ్లు, ఆ తర్వాత ముగ్గురు శాసనసభ్యుల దగ్గర పీఏగా పద్నాలుగేళ్లు పనిచేశాను. ముగ్గురివీ మూడు వేర్వేరు పార్టీలు. పేర్లు అడగవద్దు. ముగ్గురి ఇళ్లలోనూ నా కుర్చీ మాత్రం ఒకే చోట ఉండేది: వరండాలో, గుమ్మం పక్కన. అక్కడి నుంచి కనిపించిందే చెబుతాను.

మీ బాబాయి గారి సంగతితోనే మొదలుపెడదాం. పంచాయతీ చెక్కు మీద ఆయన సంతకం చెల్లింది. తహసీల్దారు సంతకం చెల్లుతుంది, ఎస్సై సంతకం చెల్లుతుంది. ఎమ్మెల్యే సంతకంతో ఖజానా నుంచి ఒక్క రూపాయి కదలదు. ఆయన ఎవరినీ ఉద్యోగంలో వేయలేరు, ఎవరినీ బదిలీ చేయలేరు, ఒక్క పింఛను కూడా మంజూరు చేయలేరు. నియోజకవర్గ అభివృద్ధి నిధి అని వింటుంటాం కదా, అందులోనూ పనులు ఆయన సూచిస్తారు, మంజూరు ఉత్తర్వు కలెక్టర్ కార్యాలయం నుంచి వస్తుంది. ముఖ్యమంత్రి సహాయ నిధి చెక్కులు ఆయన చేతుల మీదుగానే పంచుతారు, పత్రికలో ఫొటో ఆయనదే వస్తుంది. ఆ చెక్కు వెనక ఉన్నది మాత్రం ఆయన రాసిన సిఫారసు లేఖ, పైవాళ్లు ఇచ్చిన మంజూరు. రాజ్యాంగం ఎమ్మెల్యేకు ఇచ్చినవి సభలో మాట, సభలో ఓటు. మిగిలినదంతా లెటర్‌ప్యాడే. దానితో ఇంకొకరి చేత సంతకం పెట్టించగలగడమే ఈ వృత్తిలోని విద్య. కొందరికి ఐదేళ్లు గడిచినా అది పట్టుబడదు.

నేను మొదట పనిచేసిన సభ్యుడు మంచి మనిషి. ఎవరినీ కాదనలేరు. వచ్చిన ప్రతివారికీ లెటర్ ఇప్పించేవారు. ఒకసారి వసతి గృహంలో ఒకే ఒక్క వంటమనిషి పోస్టుకు నలుగురికి నాలుగు లెటర్లు ఇచ్చారు. సంబంధిత అధికారి నన్ను పిలిచి, నాలుగింటినీ బల్ల మీద పేకముక్కల్లా పరిచి, "వీటిలో సార్ మనసులో ఉన్నది ఏది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి మా లెటర్ పట్టుకుని వెళ్లినవారిని ఆ కార్యాలయంలో కూర్చోమని కూడా అనలేదు. కొన్నాళ్లకు అధికారులే ఒక పద్ధతి కనిపెట్టుకున్నారు. లెటర్ అందగానే నాకు ఫోన్ చేసి, "సార్ మామూలుగా ఇచ్చారా, గట్టిగా ఇచ్చారా?" అని అడిగేవారు. లెటర్ వెనక ఫోన్ వస్తే గట్టిది, రాకపోతే మామూలుది. ఈ లెక్క అర్జీదారులకు తెలియదు. వారు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో దాచుకుని మూడు బస్సులు మారి జిల్లా కేంద్రానికి వెళ్లేవారు.

రెండో సభ్యుడు ఇందుకు పూర్తిగా భిన్నం. నెలకు పది పన్నెండు లెటర్లకు మించి ఇచ్చేవారు కాదు. "ఈ పని కాదమ్మా, నా వల్ల కాదు, తిరిగి డబ్బు తగలేసుకోవద్దు" అని మొహం మీదే చెప్పేవారు. మొదటి ఏడాది ఆయనకు పొగరని పేరొచ్చింది. మూడో ఏడాదికి ఆయన లెటర్ వచ్చిందంటే అధికారి లేచి నిలబడి చదివే పరిస్థితి వచ్చింది. మీరు ఈ దారిలోకి రావాలనుకుంటే మొట్టమొదట నేర్చుకోవలసింది కాదని చెప్పడం. ఉపన్యాసం తర్వాత నేర్చుకోవచ్చు.

ఇక దినచర్య. ఉదయం ఐదున్నరకే వరండాలో నలుగురైదుగురు ఉంటారు. ఆరున్నరకు నలభై మంది. సగం అర్జీలకు శాసనసభతో సంబంధమే ఉండదు: పాసు పుస్తకంలో పేరు తప్పు పడింది, అల్లుడు కొడుతున్నాడు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పది రోజులైంది, ఆసుపత్రి బిల్లు కట్టలేక శవాన్ని తెచ్చుకోలేకపోతున్నాం. ఈ చివరి రకం ఫోన్లు అర్ధరాత్రి వస్తాయి. వాటికి లెటర్ పనికిరాదు, ఆ క్షణాన ఆసుపత్రి వారితో స్వయంగా మాట్లాడాలి. నేను పనిచేసిన ముగ్గురు సభ్యుల్లో ఎవరూ అలాంటి ఫోను ఎత్తకుండా ఉండటం నేను చూడలేదు. రాజకీయ నాయకుల మీద ఎన్ని విమర్శలు చేసినా ఈ ఒక్క విషయం వారి ఖాతాలో వేస్తాను.

పది తర్వాత మండలాలు. శంకుస్థాపనలు, సమీక్షలు, పార్టీలో ఇద్దరు ద్వితీయ శ్రేణి నాయకుల మధ్య పంచాయితీలు. ముహూర్తాల కాలంలో రోజుకు పాతిక పెళ్లిళ్లు. ప్రతి చోటా నాలుగు అక్షింతలు, ఒక ఫొటో, భోజనం చేసి వెళ్లమనే బతిమాలింపు. నా పనిలో సగం ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఏ దారిన వెళితే సమయం కలిసొస్తుందో గీసుకోవడమే. రెండో సభ్యుడు ఒక మాట అనేవారు: "పెళ్లికి రాకపోతే అలుగుతారు, చావుకు రాకపోతే ఓటు మారుస్తారు." అందుకే ఆయన పెళ్లిళ్లకు భార్యను పంపి, తాను పరామర్శలకు వెళ్లేవారు. ఇంత తిరిగే మనిషికి బిల్లు చదివే తీరిక ఎప్పుడు దొరుకుతుందని మీరు అడిగితే, చాలామందికి దొరకదు. కాగితం మీద ఆయన చట్టం చేసే మనిషి. ఓటరు లెక్కలో మాత్రం ఆయన తిరిగే మనిషి.

అర్హతల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. శాసనసభకు 25 ఏళ్లు నిండాలి, శాసనమండలికి 30. ఆ రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై ఉంటే చాలు, పోటీ చేసే చోటే ఓటు ఉండాలన్న నియమం లేదు. ధరావతు, అంటే డిపాజిట్, 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే ఆ ధరావతు గల్లంతు. మన రెండు రాష్ట్రాల్లో అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షలు. ఆ పరిమితిని చూసి నవ్వని కార్యకర్తను నేను ఇంతవరకు చూడలేదు. అసలు గుమ్మం బి-ఫారం, అంటే ఫలానా వ్యక్తే తమ అభ్యర్థి అని చెప్పే కాగితం. దాన్ని ఇచ్చేది పార్టీ. పార్టీ చూసేవి డబ్బు, కులాల లెక్క, కుటుంబం పేరు, సర్వేలు. మండల స్థాయి నుంచి పనిచేసుకుంటూ పైకి వచ్చినవారు లేకపోలేదు. వారు చాలా ఎన్నికల్లో ఇతరుల జెండాలు మోశాక గాని వారి వంతు రాలేదు.

గెలిచారనుకుందాం. ప్రమాణ స్వీకారం అయ్యాక మొదటిసారి "అధ్యక్షా" అన్నప్పుడు గొంతు వణకని కొత్త సభ్యులు తక్కువ. ఇక్కడ ప్రశ్నల విభాగంలో నేను గడిపిన రోజుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎమ్మెల్యేకు ఉన్న అసలు ఆయుధం అక్కడే ఉంది, దాన్ని వాడేవారే తక్కువ.

సభ్యుడు ప్రశ్నకు నోటీసు ఇస్తారు. స్పీకర్ అనుమతిస్తే అది సంబంధిత శాఖకు వెళుతుంది. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు సభ ముందుంచుతారు. చూడటానికి చిన్న తంతులాగే కనిపిస్తుంది. కానీ ఆ ప్రశ్న కదిలిన దారి చూడండి: సచివాలయం నుంచి శాఖాధిపతికి, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, బల్ల మీదకు. మూడేళ్లుగా బీరువాలో నిద్రపోతున్న ఫైలు ఆ వారంలో లేచి కూర్చుంటుంది. సభలో తప్పుడు జవాబు చెబితే మంత్రికి ఇబ్బంది, మంత్రికి ఇబ్బంది అయితే కింద ఎవరి మీదకు వస్తుందో వారికి బాగా తెలుసు. అందుకే ఎమ్మెల్యే లెటరుకు "పరిశీలిస్తాం" అన్న అధికారే ప్రశ్నకు మాత్రం అంకెలు, తేదీలు రాసి పంపుతాడు.

రెండో సభ్యుడు దీన్ని బాగా పట్టుకున్నారు. మా నియోజకవర్గంలో ఒక వాగు ఉండేది. వర్షాకాలంలో అవతల ఉన్న ఏడు ఊళ్లు తెగిపోయేవి. వంతెన కోసం ఇచ్చిన లెటర్ల నకళ్లు నా దగ్గరే ఒక కట్ట ఉండేవి. చివరికి ప్రశ్న వేశారు. మొదటి జవాబు అందరికీ తెలిసిందే: నిధుల లభ్యతను బట్టి చేపడతాం. ఆయన అనుబంధ ప్రశ్నగా ఒక్కటే అడిగారు, గొంతు పెంచకుండా: "అంచనాలు ఏ తేదీన తయారయ్యాయి, ఏ తేదీ నుంచి ఎవరి దగ్గర ఉన్నాయి?" మంత్రి కాగితాలు తిరగేసి, ఈ ఆర్థిక సంవత్సరంలోనే మంజూరు చేస్తామన్నారు. సభలో మంత్రి ఆ మాట అనడంతో అది ప్రభుత్వ హామీ అయింది. ఇలాంటి హామీలు అమలయ్యాయో లేదో చూడటానికే శాసనసభలో హామీల సంఘం ఉంటుంది. ఏడాదిన్నర పాటు ఆ సంఘం నుంచి ఆ శాఖకు ఉత్తరాలు వెళుతూనే ఉన్నాయి. వంతెన మంజూరైంది.

ఇంత పని చేసిన ఆ ప్రశ్నోత్తరం టీవీలో ఒక్క నిమిషం కూడా రాలేదు. అదే రోజు వేరే సభ్యుడు పోడియం దగ్గర కాగితాలు చించి గాల్లోకి ఎగరేశారు. సాయంత్రం వరకు అదే చూపించారు. కొత్త సభ్యుల్లో చురుకైనవారు కూడా ఒకటి రెండు సమావేశాల్లోనే ఏది కనిపిస్తుందో గ్రహించి అటు జరిగిపోతారు. వారినే తప్పుపట్టలేను.

శాసనసభ సంఘాల గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి ఒక మాట. ప్రజా పద్దుల సంఘం, అంచనాల సంఘం వంటి వాటిలో కెమెరాలు ఉండవు, అందువల్ల పార్టీలు కూడా కొంచెం పక్కకు జరుగుతాయి. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదికలోని పేరాలు ముందు పెట్టుకుని అధికారులను కూర్చోబెట్టి అడిగేది అక్కడే. ప్రతిపక్ష సభ్యుడికి ప్రజా పద్దుల సంఘం అధ్యక్ష పదవి ఇవ్వడం ఆనవాయితీగా ఉండేది. అందులో సభ్యుడైతే ఒక్క సంవత్సరంలో ప్రభుత్వం ఎలా నడుస్తుందో తెలిసిపోతుంది.

ఓటు మాటకొస్తే, ఒకప్పుడు ఒక్క సభ్యుడి ఓటుకు ప్రభుత్వం పడిపోయేది. 1954 నవంబరులో కర్నూలులో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలింది. 1967లో హరియాణాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే రోజుల వ్యవధిలో పదే పదే పార్టీలు మారితే "ఆయారామ్ గయారామ్" అన్న మాట పుట్టింది. ఆ జబ్బుకు మందుగా 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం, అంటే రాజ్యాంగం పదో షెడ్యూలు వచ్చింది. మూడో వంతు మంది చీలితే తప్పులేదన్న వెసులుబాటును 2003లో తీసేశారు. ఫలితం రెండు విధాలుగా ఉంది. విప్, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, జారీ అయితే సొంత పార్టీ బిల్లు మీద సభ్యుడికి స్వతంత్ర అభిప్రాయం ఉన్నా ఓటులో చూపలేరు, చూపితే సభ్యత్వానికే ముప్పు. ఫిరాయింపులు మాత్రం ఆగలేదు, ఎందుకంటే తీర్పు చెప్పాల్సింది స్పీకర్, ఆయన ఎప్పటిలోగా చెప్పాలో షెడ్యూలులో లేదు. సాధారణంగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2025 జులైలో తెలంగాణ ఎమ్మెల్యేల కేసులో మళ్లీ అదే మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. దీన్ని బట్టి మందు ఏ మేరకు పనిచేస్తోందో మీరే అంచనా వేసుకోండి.

మంత్రి అవుతారన్న ఆశ అందరికీ ఉంటుంది. లెక్క చూడండి. 2003 నాటి 91వ సవరణ ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య సభ బలంలో 15 శాతం మించకూడదు. తెలంగాణలో 119 మందికి 18, ఆంధ్రప్రదేశ్‌లో 175 మందికి 26. మిగతావారంతా ఐదేళ్లూ లెటర్‌ప్యాడ్‌తోనే గడపాలి. పైగా అధికార పార్టీ సభ్యుడు ప్రభుత్వాన్ని గట్టిగా ప్రశ్నించలేరు, ప్రతిపక్ష సభ్యుడి లెటరును పట్టించుకునేవారుండరు. ఏది మేలని మూడో సభ్యుణ్ని అడిగాను, ఆయన రెండు వైపులా కూర్చున్నారు. "అధికారంలో ఉంటే పనులు అవుతాయి, ప్రతిపక్షంలో ఉంటే నిద్ర పడుతుంది" అన్నారు.

డబ్బు సంగతి దాచిపెట్టడం ఎందుకు? తెలంగాణలో 2016 పెంపుతో మూల జీతం 20,000, నియోజకవర్గ భత్యం 2.30 లక్షలు, మొత్తం నెలకు రెండున్నర లక్షలు. వినడానికి పెద్ద మొత్తమే. వరండాలో టీ ఖర్చు, మూడు కార్ల డీజిలు, పెళ్లిళ్లలో చదివింపులు, పరామర్శకు వెళ్లినప్పుడు చేతిలో పెట్టే వేయి రెండు వేలు కలిపితే ఆ డబ్బు నెల మధ్యకు రాదు. అక్కడి నుంచి దారులు చీలుతాయి. నేను చూసినవారిలో ఒకరు మొదటి పదవీకాలం ముగిసేసరికి రెండెకరాలు అమ్మారు. ఒకరికి వ్యాపారం ఉంది, దాన్ని తమ్ముడు చూసుకునేవారు. ఇంకొకరి ఆదాయం ఎక్కడి నుంచి వచ్చేదో నేను అడగలేదు. ఇసుక లారీల వారు వచ్చిన రోజుల్లో నన్ను టీ తాగి రమ్మనేవారు, అంతే. మీరు ఏ దారిన వెళతారో గెలిచాక తేల్చుకుందామంటే కుదరదు. ఎన్నికల ఖర్చు ఎవరు పెట్టారన్న దగ్గరే అది తేలిపోతుంది.

అలాగని వేరే దారి లేదనను. వావిలాల గోపాలకృష్ణయ్య సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచారు, చివరి వరకు గాంధేయవాదిగా నిరాడంబరంగా బతికారు. పుచ్చలపల్లి సుందరయ్య రాజ్యసభలో కూర్చుని వచ్చాక కూడా గన్నవరం ఎమ్మెల్యేగా ఉండటాన్ని చిన్నతనం అనుకోలేదు. గుమ్మడి నర్సయ్య ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచి కూడా సైకిల్ మీద, బస్సులో తిరిగిన మనిషి. పొరుగున మహారాష్ట్రలో గణపతిరావు దేశ్‌ముఖ్ సాంగోలా నుంచి ఏకంగా 11 సార్లు గెలిచారు. పీవీ నరసింహారావు మంథని నుంచి 1957లో మొదలుపెట్టి వరుసగా నాలుగుసార్లు శాసనసభలో కూర్చున్నాకే ఢిల్లీ వెళ్లారు. వీరిని మినహాయింపులని కొట్టిపారేయడం తేలిక. అయితే వీరిలో ఎవరూ మొదటి ఎన్నికతో మొదలుపెట్టినవారు కారు. అప్పటికే ఉద్యమాల్లోనో సంఘాల్లోనో ఏళ్ల తరబడి జనంలో ఉన్నారు.

ఇక ఓటమి. జీవితం స్థిరపడుతుందా అన్న మీ ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో 151 మందితో గెలిచిన పార్టీ 2024లో 11కు దిగింది. 23 మందితో మిగిలిన పార్టీ 135 మందితో తిరిగొచ్చింది. ఓడినవారంతా పనిచేయనివారా? కాదు. గాలి వీచినప్పుడు మంచి చెట్టూ పడుతుంది. 1989లో ముఖ్యమంత్రిగా ఉండి ఎన్టీ రామారావు కల్వకుర్తిలో ఓడిపోయారు, ఆయన పోటీ చేసిన రెండో చోటు హిందూపురం ఆయన్ను కాపాడింది. గాలి లేనప్పుడు కూడా ఒక్కోసారి ఒక్క ఓటు చాలు: 2004లో కర్ణాటకలోని సంతెమరహళ్లిలో ఎ.ఆర్. కృష్ణమూర్తి, 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషి ఒక్కొక్క ఓటుతో ఓడారు. జోషి అప్పటికి ఆ రాష్ట్రంలో కాంగ్రెస్ పార్టీ అధ్యక్షుడు.

రెండో సభ్యుడు ఓడిన మర్నాడు నేను అలవాటుగా ఉదయాన్నే వెళ్లాను. ఆయన కూడా అలవాటుగా ఐదున్నరకే వచ్చి వరండాలో కూర్చున్నారు. నలభై కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఏడింటికి ఒక ముసలాయన వచ్చాడు. ఫలితం సంగతి తెలియదు, పింఛను అర్జీ తెచ్చాడు. "నేను ఓడిపోయాను పెద్దాయనా" అని చెప్పి, అయినా ఆ కాగితం తీసుకుని, తహసీల్దారుకు తానే ఫోన్ చేశారు. అటువైపు ఎత్తలేదు. అంతకుముందు రోజు వరకు రెండో రింగుకు ఎత్తిన మనిషి. పదవి అంటే ఏమిటో నాకు ఆ ఫోన్ మోగుతూ ఉండగా అర్థమైంది. మాజీలకు పింఛను ఉంటుంది, వైద్య సదుపాయం ఉంటుంది, కొందరు మండలి వైపు చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 58, తెలంగాణలో 40 స్థానాలున్న మండలి ఓడినవారికి పెద్ద ఆశ. 1985లో దాన్ని రద్దు చేసి 2007లో తిరిగి తెచ్చారు, కాబట్టి ఆ ఆశ కూడా శాశ్వతం కాదు.

వాగు మీద వంతెన ఆయన ఓడిన తర్వాతే పూర్తయింది. శిలాఫలకం మీద ఆయన పేరు లేదు, నిబంధనల ప్రకారం ఉండకూడదు కూడా. తర్వాతి ఎన్నికలో ఆయన మళ్లీ గెలిచారు. ఆ ఏడు ఊళ్లలో మెజారిటీ మాత్రం ప్రత్యర్థికే వచ్చింది.

ఇవన్నీ విన్నాక కూడా మీకు ఆసక్తి ఉంటే, ఈసారి సమావేశాలు జరిగేటప్పుడు ఒక రోజు వెళ్లి సందర్శకుల గ్యాలరీలో కూర్చోండి. గొడవ మొదలయ్యే వేళకు కాకుండా ఉదయం ప్రశ్నోత్తరాలకే వెళ్లండి. ఎవరు కాగితం చూడకుండా అనుబంధ ప్రశ్న వేస్తున్నారో గమనించండి. అక్కడికి వెళ్లాలంటే పాస్ కావాలి, పాస్ కావాలంటే సభ్యుడి సిఫారసు కావాలి. మీ ఎమ్మెల్యే ఇంటికి ఆరున్నరకల్లా వెళ్లండి. గుమ్మం పక్కన కుర్చీలో ఒకాయన ఉంటాడు, ముందు ఆయనకు మీ పేరు చెప్పండి.